ఆరో గుడ్డ

లెక్కల మేస్త్రీని మూడు రోజులు ఇంట్లో కూర్చోమనడమంటే, చేపని ఒడ్డున పెట్టి కాసేపు విశ్రాంతి తీసుకోమన్నట్టే. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికల్లా పేపరు రెండుసార్లు చదివాడు, గేటు దాకా మూడుసార్లు వెళ్ళొచ్చాడు, భార్య కుట్టుమిషన్‌కి అక్కర్లేని నూనె వేశాడు. పదింటికి ఆవిడే విసిగిపోయింది.

"ఏమండీ, ఊళ్ళో వాళ్ళందరి బళ్ళూ బాగుచేస్తారు. మన బండి ఆర్నెల్లుగా కూత పెడుతూ పొగ కక్కుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మీ వైద్యమే పెరటి చెట్టుకి అందడం లేదు," అంది.

ఆ మాటకి ఆయన నవ్వలేదు గానీ లేచి వెళ్ళి బండి బానెట్ ఎత్తాడు. కూత ఎక్కడిదో ఎత్తకముందే తెలుసు. టర్బో లోపలి ఇరుసు అరిగిపోయింది. ఇంజనుకి గాలిని ఒత్తి పంపేది టర్బో. ఫిల్టరు నుంచి దానికి గాలి తెచ్చేది చెయ్యంత లావు రబ్బరు గొట్టం. ఆ గొట్టం ఊడదీసి, టర్బో నోట్లో వేలు పెట్టి చక్రాన్ని కదిపితే, వదులైన పన్నులా ఊగింది.

"పాత దిండు గలీబు ఏదైనా ఉందా?" అని కేకేశాడు.

ఎందుకని ఆవిడ అడగలేదు. పాతికేళ్ళుగా అదే పని. పూల పూల గలీబు ఒకటి తెచ్చి ఆరు ముక్కలు చేసి, ఆరింటికీ అంచులు మడిచి మిషన్ మీద కుట్టి ఇచ్చింది.

ఇంజను విప్పినప్పుడు తెరుచుకున్న ప్రతి నోట్లోనూ గుడ్డ కుక్కాలి. చిన్న వాషరు లోపల పడినా ఇంజను నాశనమే. ఆ మాట ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. కానీ గుడ్డకి అంచు కుట్టించేది ఈయనొక్కడే. కుట్టకపోతే దారాలు ఊడి లోపలికి పోతాయని ఆయన భయం. "ఇంజనుకి జేబురుమాళ్ళు కుట్టిస్తున్నాడురోయ్!" అని మొదట్లో షెడ్డంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. పెట్టేటప్పుడు లెక్క, తీసేటప్పుడు లెక్క, సాయంత్రం ట్రేలో మళ్ళీ లెక్క. ఇరవై ఆరేళ్ళలో ఆయన గుడ్డ ఒక్కటీ ఏ బండిలోనూ ఉండిపోలేదు. నవ్వినవాళ్ళే లెక్కల మేస్త్రీ అని పేరు పెట్టి, అవసరమైనప్పుడు ఆయన ట్రేలోంచి గుడ్డలు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

అలాంటి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది కూడా ఒక గుడ్డే. మంగళవారం షెడ్డులో ఒక తెల్ల కారుకి ఈలగాడు టర్బో మార్చాడు. వాడు పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తాడు. ఏ పాటో ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు. మర్నాడు ఆ కారు వంతెన ఎక్కుతూ ఊపిరాడనట్టు ఉన్నచోటే ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ గుద్దింది. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడకి భుజం ఎముక విరిగింది. బండి తెచ్చి విప్పితే, గాలి గొట్టంలోంచి టర్బోలోకి లాక్కుపోయిన గుడ్డ పీలికలై కనిపించింది.

"టర్బో నోట్లో ఒక్క గుడ్డే పెట్టాను. ఒక్కటే తీశాను," అన్నాడు ఈలగాడు. అయితే మధ్యలో వాడు క్లిప్పు కోసం స్టోర్స్‌కి వెళ్ళాడు. ఆ పది నిమిషాలూ బండి దగ్గర నిలబడింది లెక్కల మేస్త్రీ. అందుకని సోమవారం దాకా ఇద్దర్నీ రావద్దన్నాడు ఓనరు. సోమవారం ఆ బండివాళ్ళకి ఇచ్చే కాయితం మీద ఎవరో ఒకరి పేరు రాయాలి. ఎవరి పేరు రాస్తే వాడు ఈ ఊళ్ళో ఇంక ఏ బానెట్ కిందా చెయ్యి పెట్టలేడు. మెకానిక్‌కి కాస్త చేతివాటం ఉన్నా షెడ్లు క్షమిస్తాయి గానీ, లోపల గుడ్డ మరిచిపోయాడన్న పేరుని మాత్రం క్షమించవు.

ఆ పేరు ఎవరిదో మేస్త్రీకి అనుమానం లేదు. ఈలగాడి మీద ఆయనకి కోపం కూడా లేదు. జాలి ఉంది. ఆ జాలిలో పిసరంత గొప్ప కూడా కలిసుందని ఆయనకి తెలీదు.

శనివారం పొద్దున బాగుచేయించిన టర్బో తెచ్చుకుని, ఇంజనుకి అంటుకుపోయిన పాత గ్యాస్కెట్ ముక్కలు గీకుతుండగా గేటు దగ్గర ఎవరో దగ్గారు. హెల్మెట్ చేత్తో పట్టుకుని ఈలగాడు నిలబడున్నాడు.

"లోపలికి రావచ్చా అన్నా?"

"గేటుకి తాళం వేసుందా ఏంటి? రా. సమయానికొచ్చావు. కిందకి దూరి ఇది పట్టుకో."

వాడు మారు మాట్లాడకుండా చొక్కా విప్పి బండి కిందకి దూరాడు. ఇనప నత్తలాంటి ఆ టర్బోని రెండు చేతుల్తో ఎత్తి బోల్టులకి పట్టించాడు. పైనుంచి మేస్త్రీ మూడు నట్లు ఎక్కించాడు. నాలుగోది వెనకాల ఉంటుంది. కంటికి కనిపించదు, వేళ్ళతోనే చూడాలి. మేస్త్రీ వేళ్ళు ఈ మధ్య లావెక్కాయి. ఈలగాడు కిందనుంచే చెయ్యి వంచి, నాలుగుసార్లు జారవిడిచి, అయిదోసారి ఎక్కించాడు.

"పడిందన్నా."

"శభాష్. వేళ్ళురా నీవి. బుర్ర కూడా వాటి వెంటే ఉంటే నీ అంతవాడు ఉండేవాడు కాదు."

కాసేపటికి, "ఒక్కటి అడగనా అన్నా? కోప్పడకండి," అని కిందనుంచి వినిపించింది.

"అడుగు."

"ఆ రోజు నేను క్లిప్పు కోసం వెళ్ళినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదా. ఆ పది నిమిషాల్లో ఎవరైనా వచ్చి బండిలో చెయ్యి పెట్టారా?"

ఎవరైనా అన్నాడు గానీ, ఆ ఎవరైనాలో ఎవరున్నారో మేస్త్రీకి అర్థమైంది. పానా తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరూ రాలేదు. నన్ను అడుగుతున్నావా నువ్వు?"

"అయ్యో, అది కాదన్నా..."

"అడిగితే అడుగు, తప్పేముంది! ఇరవై ఆరేళ్ళలో నా గుడ్డ ఒక్కటైనా లోపల ఉండిపోయిందని విన్నావట్రా?"

"లేదన్నా."

"పెడితే నాకు గుర్తుంటుంది. గుర్తుంటే తీస్తాను. నేను పెట్టలేదు. అంతే."

"మీరు పెట్టలేదంటే పెట్టనట్టే," అన్నాడు ఈలగాడు, తనకి తాను అప్పజెప్పుకుంటున్నట్టు.

"నువ్వే ఒకటికి రెండు పెట్టుంటావు. ఎప్పుడూ గాల్లో ఉంటావు. బాగా గుర్తు తెచ్చుకో."

"అదే పనిలో ఉన్నానన్నా. రెండు షెడ్లకి వెళ్ళి పని అడిగాను. ముందు మీ దగ్గర సంగతి తేలనీ అన్నారు. నాకు ఈ పని తప్ప ఇంకో పని రాదన్నా." కాస్త ఆగి, "ఎవడి కిందో పానాలు అందించేదే అయినా, పని పనేగా," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

మేస్త్రీ భార్య టీ ఇస్తే సగం తాగి, కప్పు మెట్టు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు.

"అబ్బాయి ఈల వెయ్యలేదు, గమనించారా?" అంది ఆవిడ.

"తప్పు చేసినవాడికి ఈలెలా వస్తుంది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చుట్టూ తిరుగుతున్నాడు," అన్నాడాయన. నట్లు ఎదురెదురుగా ఒక్కో పట్టూ బిగించి, టర్బో నోట్లో ఒక గుడ్డ, ఇంజనుకి పోయే పైపు నోట్లో ఒక గుడ్డ కుక్కాడు. నాలుగు వేళ్ళంత తోక బయట వేలాడాలన్నది ఆయన పద్ధతి. రెండు తోకలూ వేలాడాయి. కడిగిన రబ్బరు గొట్టం ఆరడానికి బానెట్ కడ్డీకి తగిలించాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఓనరు. పాతాయన కొడుకు, వయసులో చిన్నవాడు. మేస్త్రీ గారూ అని తప్ప పిలవడు.

"సోమవారం మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు మేస్త్రీ గారూ. కాయితం నేను రాయించి ఉంచుతాను. మీరు గుడ్డ పెట్టలేదు కదా?"

"పెట్టలేదండీ. పెడితే తీసేవాణ్ణి కాదూ?" ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, వీధిలో గాలికి లేచిన దుమ్ముకి మొహం తిప్పుకుని అన్నాడు. ఆయన చేతులు ఎప్పుడూ ఊరికే ఉండవు. మాట్లాడుతున్నంతసేపూ బండి దగ్గర ఏదో ఒకటి సర్దుతూనే ఉన్నాయి. భార్య మెట్ల మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"మీ మాట మీద నాకు ఎంత నమ్మకమో మీకు తెలుసు," అన్నాడు ఓనరు.

"నేను పెట్టలేదండీ," అని మేస్త్రీ మరోసారి చెప్పాడు.

ఆదివారం పదిగంటలకి టర్బో నూనె రంధ్రంలో కాస్త నూనె పోసి, చక్రాన్ని వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. నూనె పైపు రాగి వాషర్లు కొత్తవి వేసి బిగించాడు. గుడ్డలు రెండూ తీశాడు. బిరుసెక్కిన గొట్టం అంచుని భార్య కాచి ఇచ్చిన వేన్నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక టర్బో నోటికి తొడిగాడు. రెండో కొస కిందకి, ఫిల్టరు డబ్బాకి వెళుతుంది. అది చూడ్డానికి వీల్లేని మూల. చేత్తో తడిమి తొడిగి, రెండు క్లిప్పులూ బిగించాడు. పని నీటుగా కుదిరింది. ఆయనకి హాయిగా అనిపించింది. తాళం చెవి తీసుకుని సీట్లో కూర్చోబోయాడు.

ఆవిడ ట్రేలో గుడ్డలు ఉతకడానికి తీస్తోంది. "ఏమండీ, ఇంకోటేది?"

"ఏ ఇంకోటి?"

"గుడ్డ. ఇవి అయిదే ఉన్నాయి."

"అయిదే. రెండు తీశాను, ట్రేలో మూడున్నాయి. అయిదు."

"ఆరు కుట్టాను."

"అయిదు కుట్టావు."

"గలీబుని సగానికి చించి, ఒక్కో సగాన్నీ మూడు చేశాను. అయిదెలా అవుతాయి?"

లెక్కల మేస్త్రీకి లెక్క చెప్పిన మనిషి ఈ భూమ్మీద లేడు. "నువ్వు జాకెట్ల లెక్క చూసుకో. బండి లెక్క నాకొదిలెయ్," అని తాళం చెవి గుచ్చాడు.

ఆవిడ ఏ రోజూ చెయ్యని పని చేసింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం చెవి లాగేసుకుంది. "విప్పి చూసి అప్పుడు తిప్పండి. నాది తప్పయితే వారం రోజులు తిట్టుకోండి."

ఆవిడ మీద కసితోనే విప్పాడాయన. కింది క్లిప్పు వదులుచేసి, ఫిల్టరు దగ్గరి కొస లాగి, మూడు వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. ఏమీ తగల్లేదు. "చూశావా?" అనబోతూ ఇంకాస్త లోపలికి, గొట్టం వంపు దాకా పోనిచ్చాడు. మెత్తగా తగిలింది.

పూల పూల గుడ్డ. తోక లేదు. బిరడాలా లోపలికంటా కుక్కి ఉంది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎంత వెతుక్కున్నా దాన్ని పెట్టినట్టు గుర్తు లేదు. మరిచిపోయిన సంగతైతే ఎక్కడో ఒక మూల మసగ్గా అయినా ఉంటుంది. ఇది అలా కూడా లేదు.

"ఎవరు పెట్టారు దీన్ని?" అన్నాడు.

"ఎవరేమిటి? మీరే." ఆవిడ వింతగా చూసింది. "నిన్న ఓనరుతో ఫోన్ మాట్లాడుతున్నప్పుడు దుమ్ము లేచింది కదా. వేలాడుతున్న గొట్టంలోకి తోశారు. తెలిసే చేశారనుకున్నాను. అప్పుడు మీరు నేను పెట్టలేదండీ, నేను పెట్టలేదండీ అని..."

ఆవిడ నోరు అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

మంగళవారం మొత్తం ఆయన కళ్ళముందుకొచ్చింది. ఈలగాడు స్టోర్స్ వైపు వెళ్ళడం, ఊడదీసిన గొట్టం నోరు తెరుచుకుని బానెట్ అంచున ఉండడం, షెడ్డు ఊడ్చే ఆవిడ దుమ్ము రేపుకుంటూ ఇటు రావడం, పై గదిలోంచి ఓనరు "తెల్ల బండి ఎప్పటికవుతుంది?" అని అరవడం, తను తలెత్తి "నాలుగింటికి!" అని జవాబు చెప్పడం. అన్నీ గుర్తొచ్చాయి. ఆ జవాబు చెబుతున్నప్పుడు తన చెయ్యి ఏం చేసిందో అది మాత్రం గుర్తు రాలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం తన ట్రేలో లెక్క ఒకటి తగ్గింది. ఈలగాడు తీసుకునుంటాడులే అని లెక్క సరిపెట్టేసుకున్నాడు. బండి విప్పినప్పుడు ఆ పీలికల అంచున మిషన్ కుట్టు కనబడితే, నా గుడ్డే వాడుకుని నా పరువే తీశాడని మనసులో తిట్టుకున్నాడు కూడా.

"ఇప్పుడే వెళ్ళండి. ఓనరింటికి కాదు, ముందు ఆ అబ్బాయి దగ్గరికెళ్ళండి," అంది ఆవిడ.

"రేపు ఎలాగూ వెళుతున్నాను కదా."

"రేపటికీ ఇవాల్టికీ తేడా లేదా?"

గొట్టం మళ్ళీ తొడిగాడు. క్లిప్పులు బిగించాడు. బండి స్టార్టయింది, కూత లేదు, పొగ లేదు. ఎంతో బాగా పనిచేస్తున్న ఆ ఇంజను చప్పుడు వినలేక ఆపేసి, సాయంత్రం దాకా సీట్లోనే కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళ పేరు ఒక్క రోజైనా ఇంకా తనదిగా ఉండాలనిపించింది. భయం అనుకున్నా, ఆశ అనుకున్నా, అందుకే ఆ రోజు వెళ్ళలేదు.

సోమవారం షెడ్డు తెరవకముందే వెళ్ళాడు. ఓనరు గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ గుడ్డ పెట్టింది నేను," అన్నాడు.

ఓనరు ముందు ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత అతని మొహం మెత్తబడింది. "మీరొచ్చి ఇలా అంటారని మా నాన్నగారు నిన్ననే అన్నారు. మేస్త్రీది జాలిగుండె, కుర్రాణ్ణి కాపాడ్డానికి తన మీద వేసుకున్నా వేసుకుంటాడన్నారు."

"జాలి కాదండీ. నిజం. నిన్న మా ఇంట్లో ఇలాగే..." అని మొత్తం చెప్పాడు. గలీబు, ఆరు ముక్కలు, ఫోన్, గొట్టం. చెబుతుంటే ఆయనకే అది చిన్నపిల్లలకి చెప్పే కథలా వినిపించింది.

ఓనరు ఓపిగ్గా విన్నాడు. సొరుగు లాగి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంక మీకు ఆ బాధ అక్కర్లేదు. నిన్న సాయంత్రం వాడే ఇంటికొచ్చి ఒప్పుకుని సంతకం పెట్టి వెళ్ళాడు. రెండో గుడ్డ తనే పెట్టానని, తియ్యడం మరిచిపోయానని."

కాయితం కింద ఈలగాడి సంతకం ఉంది. అక్షరాలు బడిపిల్లాడివిలా గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నాయి.

"అది అబద్ధమండీ."

"లెక్కల మేస్త్రీ గుడ్డ మరిచిపోయాడని నేను రాస్తే, ఊళ్ళో ఎవరైనా నమ్ముతారా, మీరే చెప్పండి. నేను నమ్మను. పైగా ఆ బండివాళ్ళకి దీని నకలు పంపేశాను కూడా. వెళ్ళి పని చూసుకోండి, రెండు బళ్ళు ఆగున్నాయి."

ఇక్కడ చెప్పుకోక తప్పని సంగతొకటుంది. నమ్మను అని ఓనరు అన్న ఆ ఒక్క క్షణం, మేస్త్రీ గుండె తేలికపడింది. ఆ తర్వాత ఆ తేలికకి సిగ్గేసింది. కానీ ముందు తేలికపడిన మాట నిజం.

ఈలగాడు షెడ్డు వెనక, తన పెట్టె ముందు గొంతుక్కూర్చుని పానాలు సర్దుకుంటున్నాడు. మేస్త్రీ వెళ్ళి వాడి పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఎందుకు పెట్టావురా సంతకం? ఆ గుడ్డ నాది. గొట్టంలో నేనే కుక్కాను. నిన్న మా ఇంట్లో మళ్ళీ అలాగే చేశాను. నా చెయ్యి చేసింది నాకే తెలీలేదు."

ఈలగాడు తలెత్తి చాలా దయగా చూశాడు. నాలుగు రోజుల్లో వాడి కళ్ళ కింద నల్లబడింది. "మీరు నాకోసం అబద్ధాలాడక్కర్లేదన్నా."

"అబద్ధం కాదురా! మీ వదినని అడుగు."

"నాకు గుర్తొచ్చిందన్నా." గొంతు తగ్గించాడు, రహస్యం చెబుతున్నట్టు. "బాగా గుర్తు తెచ్చుకోమన్నారుగా. రెండు రోజులు కూర్చుని అదే పని చేశాను. మొదట ఏమీ రాలేదు. నిన్న మధ్యాహ్నానికి వచ్చింది. స్టోర్స్‌కి వెళ్ళబోతూ మీ ట్రేలోంచి ఒకటి తీసి గొట్టంలో తోశాను. తోసినప్పుడు రబ్బరు చల్లగా తగిలింది. చూడండి, వేళ్ళకి ఇప్పటికీ తెలుస్తోంది." కుడిచేతి మూడు వేళ్ళు చాపి చూపించాడు.

మేస్త్రీ ఆ వేళ్ళని చూశాడు. అబద్ధమాడేవాడి చెయ్యి కాదది. నాలుగో నట్టుని కళ్ళు లేకుండా ఎక్కించిన చెయ్యి.

"నువ్వు పెట్టలేదురా. నేను చెబుతున్నాను కదా, నువ్వు పెట్టలేదు."

"మీరు పెట్టలేదన్నారు కదన్నా. ఇరవై ఆరేళ్ళలో మీది ఒక్కటీ ఉండిపోలేదు. ఆ పది నిమిషాల్లో ఇంకెవరూ రాలేదని మీరే అన్నారు. మరి మిగిలింది నేనే కదా?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. లెక్క సరిపోయింది. మేస్త్రీకి వాడి భుజం పట్టుకుని కుదిపి అరవాలనిపించింది గానీ, ఆ భుజం అప్పటికే ఎంత అలిసిపోయుందో చేతికి తెలిసి వదిలేశాడు.

ఈలగాడు పెట్టె అడుగునుంచి మడతపెట్టిన గుడ్డలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఉతికినవి, అంచులు కుట్టినవి. "ఇవి మీవి. ఎప్పుడెప్పుడో తీసుకున్నవి. ఏడున్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. మీరూ ఒకసారి చూసుకోండి."

ముందు వైపునుంచి ఎవరో "మేస్త్రీ గారూ, బానెట్ ఎత్తి ఉంచాం!" అని పిలిచారు. ఆయన లేవలేదు.

ఈలగాడు మళ్ళీ పెట్టె మీదకి వంగాడు. పానాలు ఒక్కొక్కటే తుడిచి లోపల పెడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఈల వేస్తున్నాడేమోనని మేస్త్రీ ఆశగా చెవి ఒగ్గాడు. వాడు చిన్న గొంతుతో, తడబడకుండా, పదకొండు, పన్నెండు, పదమూడు అని లెక్కపెట్టుకుంటున్నాడు.